ఇరవయ్యో వంతు గున్న

నమోదు 212. సోమవారం

నా బొమ్మ గున్నకి వెనక చక్రాలు ఇవాళ్టికి కుదిరాయి. ఆరు చక్రాలూ మందు సీసాల మూతలే. ఆస్పత్రి కాంపౌండరుని బతిమాలి తెచ్చుకున్నాను. ఒకే కొలత మూతలు ఆరు దొరకాలంటే ఊళ్లో ఎంతమందికి జబ్బు చేసి ఉండాలో, ఆ పాపం మాత్రం నాది కాదు. పాత వాషర్ల రబ్బరు సన్నగా కోసి, చక్రాల అంచున పళ్లలా అంటించాను. పాడైన గడ్డం మిషను మోటారు పొట్టలో బిగించాను. స్విచ్చి వేస్తే ఆరు చక్రాలూ తిరుగుతున్నాయి. కాసేపు పని మానేసి అదే చూస్తూ కూర్చున్నాను.

గున్న అంటే మా ఆవిడ మాణిక్యం నడిపే బండి. మా ఎగువపేటకీ కొండల అవతలి దిగువపేటకీ మధ్య తిరుగుతుంది. వెనకనించి చూస్తే ఏనుగు పిల్లలా ఉంటుందని మొదటి డ్రైవర్లు ఆ పేరు పెట్టారట. ఈ రెండు ఊళ్ల గోడలు దాటితే పీల్చడానికి గాలి లేదు, ఎర్రమట్టి తప్ప ఇంకేం లేదు. కాబట్టి చుట్టాన్ని చూడాలన్నా, మిరప విత్తనాలు తేవాలన్నా గున్నే దిక్కు.

నాది కొని తెచ్చి అతికించే బొమ్మ కాదు. కొలతల పటాలు కూడా లేవు. బండి కడగడానికి బండ్ల షెడ్డుకి వచ్చినప్పుడల్లా టేపు పట్టుకుని దాని చుట్టూ తిరిగి కొలిచాను. ప్రతి కొలతనీ ఇరవైతో భాగించాను. ఒళ్లంతా అన్నం ట్రేల మూతలు, గాలి ట్యాంకులు సిరంజీ గొట్టాలు, పైపులు కరెంటు తీగలు. రెండేళ్లు పట్టింది. మాణిక్యం ఊరుకుంటుందా! "అసలు బండిని తోలేదాన్ని ఇంట్లో పెట్టుకుని ఈ పిల్ల బండికి సేవలేంటయ్యా? ఓ పూట నా మోకాళ్లకి నూనె రాయొచ్చుగా" అంటుంది. రాస్తానంటే మళ్లీ సిగ్గుపడుతుంది.

రంగు ఆరింది. పైకప్పు జిగురు పెట్టి శాశ్వతంగా అంటించేశాను. మాణిక్యం నిన్ననే దిగువపేట బయల్దేరింది. తిరిగొచ్చేసరికి గాజు కిటికీలు కూడా పెట్టి ఎదురుగా ఉంచుతాను.

నమోదు 213. బుధవారం

ఈ వేళ మా వీధి వంతు, గాలి వడపోత గుడ్డలు దులుపుతున్నాను. ముక్కుకి గుడ్డ కట్టుకుని, నెత్తిన ఎర్రమట్టి పోసుకుని ఉండగా రేడియో గదినించి కబురొచ్చింది. గున్న దిగబడిందట.

ఆ మట్టి ఒంటితోనే పరిగెత్తాను.

రేడియో గది చూసేది ఇమ్మానుయేలు గారు. రాకపోకలన్నీ ఆయన చేతిలోనే ఉంటాయి. నెమ్మదైన మనిషే గానీ నియమం అంటే నియమమే, కన్నతండ్రి అడిగినా గేటు తియ్యడని పేరు. నన్ను చూడగానే కుర్చీ జరిపి మైకు నా ముందుకు తోశారు.

"మాణిక్యం!"

"ఆ, వచ్చావా. పొయ్యి మీద ఏమన్నా వదిలేసి రాలేదు కదా?" అంది. గొంతు మామూలుగానే ఉంది. అదే నాకు భయం. భయం వేసినప్పుడే ఆవిడ ఇంత మామూలుగా మాట్లాడుతుంది.

జరిగింది ఇది. దారిలో ఒక పల్లం. పైకి గట్టిగానే కనిపించిందిట, లోపలంతా పిండిలాంటి మట్టి. వెనక చక్రాలు ఇరుసు దాకా దిగాయి. మాణిక్యంతో ఉన్నది మెకానిక్కు నాజరు. అతను గాలి సూటు వేసుకుని దిగి తవ్వి చూశాడు. తవ్వినకొద్దీ పక్క మట్టి జారి పడుతోంది. రేడియో గదిలోని లెక్కల యంత్రాన్ని అడిగితే మెల్లగా వెనక్కి లాగమంది. లాగితే ఇంకాస్త దిగింది. రెండో బండి ఇరుసు విప్పి షెడ్డులో ఉంది, అది బిగించేసరికి వచ్చే బుధవారం అవుతుంది. గున్నలో గాలి ఆదివారం పొద్దుటి దాకే వస్తుంది.

ఈ ముక్క ఇమ్మానుయేలు గారు నాకు మైకు కట్టేశాక చెప్పారు.

నమోదు 214. గురువారం

పొద్దున్నే నా గున్నని గుడ్డలో చుట్టుకుని రేడియో గదికి వెళ్లాను.

"బొమ్మతోనా జగన్నాధం గారూ?" అన్నారు ఇమ్మానుయేలు గారు. వెటకారం కాదు, జాలి. దానికే నాకు ఒళ్లు మండింది.

"మీ యంత్రం చెప్పిందే చేశారుగా, ఏమైంది? దానికి ఆ పల్లంలో మట్టి ఎలాంటిదో తెలీదు. నా దగ్గర అలాంటి మట్టి ఉంది. వడపోత గుడ్డల్లోది, అంతకంటే మెత్తటిది ఎక్కడా ఉండదు. ట్రేలో పోసి దీన్ని దింపుతాను. ఎలా బయటికొస్తుందో చూసి వాళ్లకి చెబుదాం. వాళ్లు తప్పు చేస్తే ఇంకో జానెడు దిగుతారు. నేను తప్పు చేస్తే చేత్తో పైకి తీస్తాను."

ఆయన గున్న కెమెరా పంపిన ఫొటోలన్నీ నా చేతిలో పెట్టారు.

ఒక చిక్కుంది. నా బొమ్మ తేలిక. చూడ్డానికి చేసింది, మొయ్యడానికి కాదు. పొడవు ఇరవయ్యో వంతు ఉంటే బరువు ఎనిమిది వేలవ వంతు ఉండాలి. అంటే అక్కడి ఎనిమిది కిలోలకి ఇక్కడ ఒక గ్రాము. బయల్దేరే ముందు తూచి రాసిన కాగితం మీదున్న బరువంతా, మనుషులిద్దరితో సహా, సీసం ముక్కలు కోసి లోపల ఎక్కడివక్కడ సర్దాలి. లోపలికి వెళ్లాలంటే పైకప్పు కొయ్యాలి.

ఆస్పత్రివాళ్లు పాత ఎక్స్‌రే గదిలోని సీసం రేకు ఇచ్చారు. రంపపు బ్లేడు తీసుకుని కూర్చున్నాను. సోమవారం అంటించిన పైకప్పు! చెయ్యి ఆడలేదు. ఇలా చూస్తూ కూర్చుంటే అక్కడ గాలి ఖర్చవుతోందని నన్ను నేనే తిట్టుకుని కోసేశాను. రంగు పెచ్చులు పెచ్చులుగా లేచింది. సిరంజీ ట్యాంకులు రెండు విరిగాయి. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను, కోసే పని మాత్రం ఆపలేదు.

నమోదు 215. గురువారం, సాయంత్రం నీళ్లు వదిలాక

ఇది నా మాట వినడం లేదు. మట్టి పోశాను, పల్లం చేశాను, బండిని దింపాను. వెనక్కి తిప్పితే హాయిగా ఎక్కి వచ్చేస్తోంది! మట్టి మార్చాను. జల్లించి ఇంకా మెత్తగా చేశాను. అయినా వస్తోంది. యంత్రం కూడా వస్తుందనే కదా చెప్పింది. మరి ఆవిడ బండికి ఏం రోగం?

ఫొటో పక్కన పెట్టుకుని చూశాను. అప్పుడు కనిపించింది. అక్కడ గున్న ముక్కు పైకెత్తి, పిర్రల మీద కూర్చున్నట్టుంది. నాది బుద్ధిగా నేల బారున ఉంది. అంటే అక్కడ వెనక బరువు ఎక్కువుంది. కాగితం మీద లేని బరువు.

రేడియో గదికి పోయి మాణిక్యాన్ని పిలిచాను.

"నా బొమ్మ ముక్కు ఎత్తట్లేదు మాణిక్యం."

"జలుబు చేసిందేమో, ఆవిరి పట్టు."

"వేళాకోళం కాదు. వెనక గూట్లో ఏముంది?"

"ఏముంటాయి? పనిముట్లు."

"ఇంకా?"

"ఇంకేం లేదన్నానుగా! పెళ్లాం మాటకంటే ప్లాస్టిక్కు బొమ్మ మాట ఎక్కువైందా నీకు?" అని ఒంటికాలి మీద లేచింది.

ముప్ఫై ఏళ్ల కాపురం మాది. మాణిక్యం నిజం చెప్పేటప్పుడు అరవదు. పక్కన ఇమ్మానుయేలు గారు కాగితాలకేసి చూస్తున్నారు. రేడియోలో మాట్లాడే ప్రతి మాటా రికార్డవుతుంది. అది ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. నేను ఇంకేం అనకుండా వచ్చేశాను.

నమోదు 216. శుక్రవారం

నియమం ఏమిటంటే, తూచి రాయని వస్తువు గున్న ఎక్కకూడదు. ఎవరైనా దొంగచాటుగా మూట పంపినట్టు తేలితే ఆ ఇంటివాళ్లకి ఏడాది పాటు ప్రయాణం బందు. అంటే ఏడాది పాటు అక్కడున్న కూతుర్నీ చెల్లెల్నీ చూడ్డానికి లేదు. డ్రైవరుకైతే ఇక స్టీరింగే లేదు.

నియమం నియమమే. కానీ గున్న బయల్దేరే ముందురోజు సాయంత్రం మాణిక్యం మా గుమ్మంలో టీ తాగుతూ కూర్చుంటుంది, వీధిలో వాళ్లు ఒక్కొక్కరే వచ్చి పలకరించి పోతారు. ఏళ్ల తరబడి చూస్తున్నాను. ఎంత మంచి జనం అనుకునేవాణ్ణి.

పొద్దున్నే పక్కింటి పైడమ్మ తలుపు కొట్టాను.

"పైడమ్మా, నన్ను తిట్టుకున్నా సరే, నిజం చెప్పు. మీ మాణిక్యం వదినకి ఏమిచ్చి పంపావు?"

"మా చెల్లి బాలింత కదన్నయ్యా. శొంఠి, మిరియాలు నూరి కాయం చేసి ఓ డబ్బా, పాత చీరలతో కుట్టిన బొంత ఒకటి. అంతే. మాది ఒక్కటే కదా, దానివల్ల ఏమవుతుందిలే అనుకున్నా."

"ఎంత బరువు?"

"ఆరేడు కిలోలు ఉంటుందేమో..." అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, నావల్లే దిగబడిందా అన్నయ్యా?"

"నీ ఒక్కదానివల్ల కాదమ్మా."

రెండో ఇంట్లో గోంగూర పచ్చడి జాడీ. వాళ్లూ అదే మాట, మాది ఒక్కటే కదా అని. మూడో ఇంట్లో మనవడికి చెక్క గుర్రం. మాది ఒక్కటే కదా! నాలుగో ఇంటికి వెళ్లేసరికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎవరికి వాళ్లు మాదొక్కటే అనుకుంటూ ఊరు ఊరంతా మూటలు కట్టి మాణిక్యం చేతిలో పెట్టారు. ఆ పిచ్చిది ఎవరికీ కాదనలేదు. ఇప్పుడు నోరు విప్పితే వీళ్లందరికీ ప్రయాణం ఆగిపోతుందని ప్రాణం మీదికి వచ్చినా బిగపట్టుకుని కూర్చుంది.

వీధి మధ్యలో నిలబడి గట్టిగానే చెప్పాను. "పేర్లు నాకొద్దు. ఏం పంపారో కూడా చెప్పొద్దు. నా షెడ్డుకి వచ్చి బరువు ఎంతో చెప్పండి, ఆ లెక్కకి సీసం ముక్క కోసిస్తాను. మీ చేత్తో మీరే బండిలో వెయ్యండి."

ముందు ఎవరూ రాలేదు. పైడమ్మ వచ్చింది. ఆ తర్వాత గుమ్మం ఖాళీ లేదు. పెద్దవాళ్లు, చంకలో పిల్లలతో తల్లులు, కాంపౌండరు కూడా. నేను కోసి తూచి ఇస్తున్నాను, వాళ్లు దేవుడికి పూలు పెట్టినంత భయంగా వెనక గూట్లో పెడుతున్నారు. ముక్క పడుతున్నకొద్దీ నా గున్న ముక్కు కొంచెం కొంచెం లేస్తోంది.

ఆ సమయంలో ఇమ్మానుయేలు గారు గుమ్మంలోకి వచ్చారు.

అందరూ బిగుసుకుపోయారు. పైడమ్మ నా వెనక్కి జరిగింది. ఆయన ఎవరినీ చూడలేదు, తిన్నగా ట్రే దగ్గరికి వచ్చి ఫొటోని బొమ్మ పక్కన పెట్టి వంగి చూశారు.

"ఇంకా సరిపోలేదు" అన్నారు.

"లేదండీ. ఇంకో రెండు గ్రాములన్నా పడాలి. పదహారు కిలోలు. ఊళ్లో ఎవరో ఇంకా రాలేదు."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకున్నారు. "రెండు గ్రాములు కొయ్యండి" అన్నారు.

నాకు అర్థం కాలేదు.

"మా అమ్మ దిగువపేటలో ఉంది కదండీ. మిక్సీ పచ్చడి నోట పెట్టదు. ఇక్కడి రాయితోనే చిన్న రుబ్బురోలు చెక్కించాను. నా చేత్తో రాసిన నియమం... మాణిక్యమ్మగారికి నేను ఎలా చెప్పేది? మా పనిమనిషితో పంపించాను. ఒక్కటే కదా అనుకున్నాను."

ఎవరూ నవ్వలేదు. నేను ముక్క కోసి ఇచ్చాను. ఆయన అందుకున్నారు. గూట్లో పెట్టగానే గున్న పిర్రల మీద కూర్చుంది, ముక్కు అచ్చం ఫొటోలో ఉన్నట్టు లేచింది. స్విచ్చి వేసి వెనక్కి తిప్పాను. చక్రాలు తిరిగాయి, ఇరుసు దాకా దిగాయి.

నా బొమ్మ దిగబడిందని అంత సంతోషం నాకెప్పుడూ వెయ్యలేదు.

నమోదు 217. శుక్రవారం, పొద్దు వాలాక

ముందుకి తోలితే ఇంకా దిగుతోంది. వెనక్కి లాగినా దిగుతోంది. గూట్లో ముక్కలన్నీ తీసి డ్రైవరు సీటు పక్కనా ముందు సీటు కిందా సర్దాను. ముక్కు దిగింది, వెనక భాగం తేలింది. ఇప్పుడు తిప్పితే చక్రాలు దిగడం లేదు గానీ ఉన్నచోటే తిరుగుతున్నాయి, మట్టిని పట్టుకోవడం లేదు. చక్రాల వెనక గుడ్డ పేలిక పరిచాను. జారి చుట్టుకుపోయింది.

"పలచగా ఉందన్నయ్యా" అంది పైడమ్మ. ఎవరూ ఇంటికి వెళ్లలేదు, అందరూ ట్రే చుట్టూ ఉన్నారు. "బొంతలా మందంగా వెయ్యి."

గుడ్డని నాలుగు పొరలు చేసి, నిలువునా అడ్డంగా టాకాలు వేసి ఇచ్చింది. పరిచి స్విచ్చి వేశాను. రబ్బరు పళ్లు కుట్టు గట్ల మీద పట్టుకున్నాయి. గున్న ఒక్కసారి ఊగి, వెనక్కి ఎక్కి, ట్రే అంచుకి వచ్చి కొట్టుకుంది. షెడ్డంతా ఒకటే గోల. నేను మళ్లీ దింపాను. మళ్లీ వచ్చింది. దింపినప్పుడల్లా వచ్చింది.

"అక్కడ గూట్లో బొంతలు ఎన్నున్నాయి?" అని అడిగాను. నలుగురు చేతులెత్తారు.

"చక్రాల కింద పడితే ఇంక పనికిరావు."

"అడుగుతావేంటి అన్నయ్యా, తొక్కించు!" అంది పైడమ్మ.

ఇక మిగిలింది ఒక్కటే, ఇది రేడియోలో చెప్పాలి. చెబితే రికార్డవుతుంది. రేడియో గదిలో నేను మైకు దగ్గరికి వెళ్లేలోపే ఇమ్మానుయేలు గారు కూర్చున్నారు.

"మాణిక్యమ్మగారూ, నేను ఇమ్మానుయేల్ని. మీ వెనక గూట్లో మా అమ్మ రుబ్బురోలు ఉంది. నేనే పంపాను. ముందు దాన్ని తీసి మీ సీటు పక్కన పెట్టించండి."

అటువైపునించి పెద్ద ఊపిరి వినిపించింది. "అదా! అదేంటో ఇంత బరువుందేంటా అని మోసేటప్పుడే తిట్టుకున్నానండీ" అంది. నవ్వుతోంది.

నేను మైకు లాక్కున్నాను. "ముందే చెప్పి చావొచ్చుగా!"

"ఏమని చెప్పనయ్యా? పైడమ్మ చెల్లెలు బాలింత" అంది.

నాకు కోపం ఎక్కడికి పోయిందో తెలియలేదు. ఏది ఎక్కడ పెట్టాలో, బొంతలు ఎలా పరచాలో చెప్పాను.

నమోదు 218. శనివారం

నాజరు సర్ది, బొంతలు పరిచి లోపలికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. రేడియో గదిలో ట్రే నా ముందు, గున్న పల్లంలో. ఆవిడ మోటారు వెయ్యగానే నేనూ స్విచ్చి వేశాను. నాది ఎప్పట్లాగే బయటికొచ్చేసింది. ఆవిడ దగ్గరనించి మోటారు రొద తప్ప ఏమీ లేదు. మనిషి గొంతు వినాలి నాకు. ఆ కాసేపట్లో ఏ దేవుణ్ణి మొక్కానో గుర్తు లేదు, ఇమ్మానుయేలు గారి దేవుణ్ణి కూడా మొక్కాను.

"కదిలింది" అంది మాణిక్యం. తర్వాత ఇంకా గట్టిగా, "కదిలిందయ్యా! గట్టు మీదున్నాం!"

పల్లం చుట్టుకుని దిగువపేటకే వెళ్లమన్నారు, అదే దగ్గర, రాత్రికి చేరిపోతారు.

నమోదు 219. ఆ పై శనివారం

మాణిక్యం ఇంటికి వచ్చింది. గున్న రాగానే ఊరంతా గేటు దగ్గరుంది. ఇమ్మానుయేలు గారు జరిగిందంతా రాసి సభకి ఇచ్చారు, తన పేరు మొదట పెట్టి. ఊరంతటికీ ప్రయాణం బందు చేస్తే బండిలో ఎక్కేవాళ్లెవరని సభ తల పట్టుకుంది. ఇకమీదట ఇంటికో మూట, గేటు దగ్గర తూచి ఎక్కించాలని తీర్మానించారు. మాణిక్యం స్టీరింగు మాణిక్యానిదే.

స్నానం చేసి, టీ తాగి, షెడ్డులోకి వచ్చింది. రేడియో గదినించి తెచ్చిన ట్రే ఇంకా అలాగే ఉంది. పైకప్పు లేదు, రంగు లేచిపోయింది, ట్యాంకులు విరిగి వేళ్లాడుతున్నాయి. ఏమంటుందోనని నేను జిగురు సీసా మూత తిప్పుతూ నిలబడ్డాను.

స్టూలు లాక్కుని కూర్చుని లోపలికి తొంగి చూసి ఓ సీసం ముక్క మీద వేలు పెట్టింది. "ఇదేంటి?"

"రుబ్బురోలు."

"ఇది?"

"కాయం డబ్బా, బొంత."

"ఈ సీట్లో ఉన్నది నాజరా?"

"ఆ. తొమ్మిది గ్రాములు."

పక్క సీటు ఖాళీగా ఉంది. వేలితో దాన్ని తడిమింది. "మరి నేనెక్కడయ్యా?"

చొక్కా జేబులోంచి ముక్క తీసి ఆవిడ అరచేతిలో పెట్టాను.

"ఎంతేశావు నన్ను?"

"అరవై కిలోలు. ఏడున్నర గ్రాములు."

"యాభై ఎనిమిదే" అంది వెంటనే. తర్వాత ముక్కని అటూ ఇటూ తిప్పింది. "బయట ఎందుకుంది ఇది?"

చెప్పేశాను. "కదిలిందని నువ్వనగానే ముందు నిన్ను తీసి జేబులో వేసుకున్నాను. మళ్లీ అందులో పెట్టబుద్ధి కాలేదు."

మాణిక్యం లేచి వచ్చి, ఆ ముక్కని మళ్లీ నా జేబులో వేసి, గుండీ తనే పెట్టింది.